రెండు సరిహద్దు ఊళ్ళు, ఒక సీసా

ఊరి పేరు వినగానే ఒక మంచి వస్తువు జ్ఞాపకం రావడం ఆ ఊరి అదృష్టం. ఉప్పాడ అనగానే చీర, ఆత్రేయపురం అనగానే పూతరేకు, బందరు అనగానే లడ్డు, మాడుగుల అనగానే హల్వా తోస్తాయి. మా యానాం పేరు చెబితే మాత్రం వినేవారి పెదవుల మీద ఒక చిరునవ్వు మెదులుతుంది. "ఓహో, యానామా?" అని దీర్ఘం తీస్తారు. ఆ దీర్ఘానికి అర్థం విడమరచి చెప్పనక్కరలేదు. పెళ్ళిచూపులకు వచ్చిన పెద్దమనుషులు సైతం "మీ ఊళ్ళో అది చవకటగా!" అని హాస్యమాడి మరీ లేస్తారు. ఈ ఊళ్ళోనే పుట్టి పెరిగి, నలభయ్యో పడి దాటి, గుమాస్తా వుద్యోగంతో కాలక్షేపం చేస్తూవున్న మాకు ఆ దీర్ఘం ముల్లులా గుచ్చుకుంటూనే వుంది.

అటువంటి మేము ఒక ద్రాక్షసారాను గురించి వ్రాయబూనడం చిత్రంగా తోచవచ్చు. ఇంటిల్లిపాదీ చదువుకొనే పత్రికలో సీసాల ప్రసక్తి యేమిటని పెద్దలు నొసలు చిట్లించవచ్చు. తాగమని చెప్పడానికి గాని, తాగేవారిని మెచ్చుకోవడానికి గాని మేము కలం పట్టలేదు. ఒక ఊరు తన పేరును వందల యేళ్ళపాటు యెలా నిలుపుకున్నదో, మరొక ఊరు యెందుకు పోగొట్టుకున్నదో చెప్పుకోవాలనే యీ ప్రయత్నం. చివరిదాకా చదివిన మీదటే కోప్పడవలసిందిగా మనవి.

పెద్దాయన యింటికి వచ్చిన సీసా

ఫ్రాన్సు దేశంలో బంధువులున్న కుటుంబాలు యానాంలో యిప్పటికీ వున్నాయి. అటువంటి కుటుంబంవారొకరు క్రిందటేడు సెలవులకు వచ్చి, మా వీధిలో వుండే ఒక పెద్దాయనకు సీసా ఒకటి బహూకరించి వెళ్ళారు. ఆయన మా ఆఫీసులోనే పనిచేసి, యేనాడో పింఛను పుచ్చుకున్నవారు. వారి తండ్రిగారు ఫ్రెంచివారి కొలువు చేసినవారు. సీసా మీది వ్రాత చదివిపెట్టమని మాకు కబురు వచ్చింది.

"ఏమోయ్, రెండు భాషలు వచ్చునంటావుగా! ఇది బ్రాందీయా, అరుకా, చూసి చెప్పు," అన్నారు.

"ఆయ్, చూస్తానండి తాతగారూ," అని కళ్ళజోడు సవరించుకొని చూశాము. చీటీ మీద ఒకే ఊరి పేరు మూడు విధాలుగా అచ్చువేసి వుంది: జెరెజ్, గ్జెరెస్, షెర్రీ. మొదటిది స్పెయినువారి వ్రాత, రెండవది ఫ్రెంచివారిది, మూడవది ఇంగ్లీషువారిది. తెలుగువారికి యానాం, ఫ్రెంచివారికి యనాఓ అయిన మా ఊరే చప్పున జ్ఞాపకం వచ్చింది.

ఆ ఊరు స్పెయిను దేశపు దక్షిణపు కొసన, అండలూసియా సీమలో వుంది. అక్కడివారు 'హెరెస్' అని పలుకుతారు. పూర్తి పేరు జెరెజ్ దె లా ఫ్రొంతెరా. ఫ్రొంతెరా అంటే సరిహద్దు. సరిహద్దు మీది జెరెజ్ అన్నమాట. ఆ ముక్క తెలిసిన తర్వాత మాకు తోచలేదు. దొరికినదల్లా చదివాము. చదివినకొద్దీ మా ఊరికీ ఆ ఊరికీ పోలికలు కనిపించాయి. ఆ పోలికలు ఒకచోట ఆగిపోయాయి కూడా. అసలు కథ అక్కడే వుంది.

సరిహద్దు మీది బ్రతుకు

సరిహద్దు మీద బ్రతకడమంటే యేమిటో యానాం వారికి ఒకరు చెప్పనక్కరలేదు. గౌతమీ గోదావరి సముద్రానికి చేరువయ్యే చోట 30 చదరపు కిలోమీటర్ల నేల మాది. 1723లో ఫ్రెంచివారు యిక్కడ మకాం పెట్టారు. మధ్యమధ్య ఇంగ్లీషువారు పట్టుకొని తిరిగి యిచ్చినా, 1954 జూన్ 13 దాకా యిది ఫ్రెంచివారి గడ్డే. చుట్టూ గోదావరి జిల్లా, మధ్యలో వేరే జెండా, వేరే చట్టం. పొలిమేర దాటితే శాసనం మారిపోయే ఊరికి ఆ తేడాయే ఒక వ్యాపారమవుతుంది.

బ్రిటిషు ఇండియాలో శారదా చట్టం 1930లో అమలుకు వచ్చి బాల్యవివాహాలు నేరమైనప్పుడు, చుట్టుపక్కలవారు పసిపిల్లలను వెంటబెట్టుకొని వచ్చి యానాంలో పెళ్ళిళ్ళు జరిపించుకొని వెళ్ళారు. కల్యాణపురమని ఊరికి మారుపేరు కూడా వచ్చింది. సీమసరుకు కావలసినవారు మంగళవారం సంతకు వచ్చేవారు. 1948 నాటికి మద్రాసు రాష్ట్రమంతటా మద్యనిషేధం అమలైంది. అప్పుడు నాలుక పీకినవారికి యానాం దారి యెవరూ చూపవలసిన పని లేకపోయిందని మా పెద్దలు చెప్పేవారు.

ఫ్రెంచివారు వెళ్ళిపోయి, మేము పుదుచ్చేరితో కలిసి భారతదేశంలో చేరిన తర్వాత కూడా ఆ తేడా పోలేదు. నెల్లూరు జిల్లా దూబగుంటలో మొదలై ఆడవారు చేసిన సారా వ్యతిరేక పోరాటం తెలుగునాటంతా ప్రాకిన మీదట, 1993లో ఆంధ్రప్రదేశ్‌లో సారా ఆగింది. 1995 జనవరి 16 నుంచి సంపూర్ణ మద్యనిషేధమే వచ్చింది. 1997లో దానిని సడలించారు. ఆ రెండేళ్ళూ మేము చదువుకొనే పిల్లలము. అప్పటికి యెదుర్లంక వంతెన లేదు. పంటు మీద నది దాటి వచ్చేవారు, బస్సులు దిగేవారు, సైకిళ్ళ మీద వచ్చేవారు. సాయంత్రమయ్యేసరికి దుకాణాల ముందు తిరణాలే. ట్యూషనుకు వెళ్ళే ఆడపిల్లలు వెనుక సందుల వెంట చుట్టూ తిరిగి యిల్లు చేరేవారు.

గమనించవలసిన సంగతి ఒకటి వుంది. అన్ని సీసాలు మా కళ్ళెదుట చేతులు మారినా, వాటిలో ఒక్కదాని మీదా యానాం అనే పేరు మేము చూడలేదు. ఇక్కడ అమ్ముడుపోయింది మా సరుకు కాదు. చట్టంలోని తేడా, ధరలోని తేడా అమ్ముకున్నాము. తేడా వున్నంతకాలం జనం వస్తారు. అది పోయిననాడు ఊరి ముఖం చూసేవారుండరు.

అటు వైపు సరిహద్దు

ఇక జెరెజ్ సంగతి. ఆ ఊరు అయిదువందల యేళ్ళకు పైగా అరబ్బుల యేలుబడిలో వున్నది. వారు దానిని షెరిష్ అన్నారు. ఇంగ్లీషువారి షెర్రీకి మూలం ఆ మాటే. తాగుడు నిషిద్ధమైన మతంవారి పాలనలో ద్రాక్షతోటలు బ్రతికి బట్టకట్టడం ఒక వింత. 966లో కార్డోవా ఖలీఫా తోటలన్నీ పెరికివేయమని ఉత్తరువు చేస్తే, "ఎండుద్రాక్ష తమ సైన్యానికి తిండి అవుతుంది గదా ప్రభూ" అని ఊరివారు మొరపెట్టుకొని చాలా తోటలు కాపాడుకున్నారని చెబుతారు. లౌక్యం మన గోదావరి వారి సొత్తే అనుకున్నాము గాని, లోకమంతటా వున్నదే.

1264లో కాస్టిల్ రాజు పదవ అల్ఫాన్సో ఆ ఊరిని గెలుచుకున్నాడు. అటు తర్వాత చాలాకాలం క్రైస్తవ రాజ్యానికీ గ్రనడా ముసల్మాను రాజ్యానికీ నడుమ యెల్ల మీద నిలబడింది గనుకనే దానికి సరిహద్దు పేరు స్థిరపడిపోయింది.

నది కూడా మన పోలికే. జెరెజ్‌కు చేరువలో గ్వాదల్‌కివీర్ నది సముద్రంలో కలుస్తుంది. ఆ ముఖద్వారాన సాన్‌లూకర్ అనే రేవు వుంది. 1519లో భూమిని చుట్టిరాబోయిన మాగెల్లాన్ ఓడలు సముద్రంలోకి అడుగుపెట్టింది ఆ రేవు నుంచే. ఓడల్లో జెరెజ్ ద్రాక్షసారా పీపాలు కూడా వున్నాయి. 1587లో ఇంగ్లీషు నావికుడు డ్రేక్ ఆ పక్కనే వున్న కాడిజ్ రేవు మీద పడి, దాదాపు 2,900 పీపాలు తరలించుకుపోయాడని చెబుతారు. దోపిడీ సొత్తుతో నాలుకకు తగిలిన రుచి తర్వాత డబ్బిచ్చి కొనుక్కొనేదాకా తెచ్చింది. పదేళ్ళు తిరిగాక షేక్స్పియరు తన 'నాలుగవ హెన్రీ' నాటకంలో ఫాల్‌స్టాఫ్ అనే బొజ్జదొర నోట దీనికి పెద్ద స్తోత్రపాఠమే పెట్టించాడు.

ఇంతవరకూ రెండు ఊళ్ళకూ నది వుంది, రేవు వుంది, సరిహద్దు వుంది, నిషేధం వుంది. తేడా యెక్కడ వచ్చిందంటే, జెరెజ్ వారు ఓడ యెక్కించినది తమ నేలలో పండించి, తమ చేతులతో తయారుచేసుకున్న సరుకు.

తోడు పెట్టే విద్య

ఆ తయారీ వివరం మా యింట్లో చదివి వినిపిస్తే, "ఇందులో వింతేముంది? పెరుగు తోడుపెట్టడమేగా!" అన్నది మా శ్రీమతి. నిజానికి అంతకంటె చక్కగా చెప్పడం మా వల్ల కాదు.

అక్కడి నేల తెల్లని సున్నపు నేల. అల్బరీసా అంటారు. శీతకాలపు వానను లోపలికి పీల్చుకొని, పైన పెంకు కట్టి, ఎండలు మండే వేసవిలో ఆ తడినే వేళ్ళకు అందిస్తుంది. అక్కడ పండే పలొమినో ద్రాక్ష చప్పని పండు. ఇంత పేరు తెచ్చుకున్న పానీయానికి మూలం చప్పని పండు కావడం మమ్మల్ని ఆశ్చర్యపెట్టింది. రుచి పండులో లేదు, పెంపకంలో వుంది.

రసం పులిసిన తర్వాత ద్రాక్ష నుంచే బట్టీపెట్టిన సారా కొద్దిగా కలిపి బలం చేకూరుస్తారు. దానిని పాత ఓకు కర్ర పీపాల్లో పోస్తారు. పీపా నిండా పోయరు. ఆరింట అయిదు వంతులే నింపి పైన గాలికి చోటు విడుస్తారు. కొన్నాళ్ళకు పైన తెల్లని పొర ఒకటి కడుతుంది. మన ఊరగాయ జాడీలో అటువంటిది కనిపిస్తే బూజు పట్టిందని లబోదిబోమంటాము. వారు దానిని ఫ్లోర్, అంటే పువ్వు, అని పిలిచి పదిలంగా కాపాడుతారు. ఆ పొర అడుగున వున్నదానికి గాలి తగలనీయదు. నూటికి 15 పాళ్ళు మద్యసారం వున్నచోట హాయిగా బ్రతుకుతుంది, 17 దాటితే చచ్చిపోతుంది. పొర చాటున పెరిగినది ఫినో. అది యెండుగడ్డి రంగులో తేలికగా వుంటుంది. పొర లేకుండా గాలికి ముదిరినది ఒలొరోసో. దాని రంగు పాతబెల్లం పాకం రంగు. సాన్‌లూకర్ రేవులో సముద్రపు గాలికి పెరిగిన ఫినోకు మంజనీల్యా అని వేరే పేరు.

అసలు కీలకం పీపాల వరుసల్లో వుంది. ఒకదాని మీద ఒకటిగా వరుసలు పేరుస్తారు. నేల మీది వరుస అన్నింటికన్న పాతది. దాని పేరు సోలెరా. సీసాలకు కావలసినది ఆ వరుసలో నుంచే తీస్తారు. యేడాదికి మూడో వంతు మించకుండా తీసి, ఖాళీ అయినంత మేర పై వరుసలోనిది పోస్తారు. దానిలో తగ్గినది ఆ పై వరుస నుంచి నింపుతారు. కొత్తగా వచ్చినది అన్నింటికన్న పైన చేరుతుంది. పై వరుసలను క్రియాదెరా, అంటే పసిపిల్లలను పెంచే చోటు, అంటారు. ఏ పీపానూ పూర్తిగా ఖాళీ చేయరు. నూరేళ్ళనాడు మొదలుపెట్టిన వరుసలో ఆ తొలినాటి చుక్క ఒకటి ఈనాటికీ మిగిలి, కొత్తదానికి గుణం నేర్పుతూనే వుంటుంది.

నిన్నటి పెరుగు చెంచాడు నేటి పాలలో వేస్తాము. నేటి పెరుగులో కొంత రేపటికి దాస్తాము. మా లెక్కల భాషలో చెప్పాలంటే, క్రిందటి పుట నిల్వను యీ పుటకు తెచ్చుకోవడమే. నిల్వ సున్నా చేసిననాడు వ్యాపారం కొత్తగా మొదలుపెట్టుకోవలసిందే.

పేరు పోవడం, నిలవడం

ఇంత జాగ్రత్తగా వున్నవారికి కూడా కష్టాలు తప్పలేదు. 1894లో ఫైలోక్సెరా అనే వేరుపురుగు తోటలను తినివేసింది. అమెరికా దేశపు వేళ్ళకు తమ తీగలను అంటుకట్టి మళ్ళీ పెంచుకున్నారు. తోటలు పోయినా పీపాల్లోని పాతది మిగలబట్టి తోడు చెడలేదు.

రెండవ కష్టం పేరుకు వచ్చింది. ఇంగ్లండులో, దక్షిణాఫ్రికాలో, సైప్రస్‌లో తయారైనవాటికి కూడా షెర్రీ పేరు తగిలించి అమ్మసాగారు. 1935లోనే జెరెజ్ వారు తమ పేరును కాపాడుకొనే మండలిని యేర్పరచుకున్నారు. 1967లో లండను న్యాయస్థానం, ఉత్త షెర్రీ అనే పేరు జెరెజ్ సీమదానికే చెల్లుతుందని, ఇతరులు దేశం పేరు కూడా ముందు చేర్చుకోవాలని తీర్పు చెప్పింది. 1996 నుంచి యూరపు కూటమి దేశాల్లో ఆ విశేషణాలు కూడా పోయి, పేరు ఆ సీమకే దక్కింది. మన తిరుపతి లడ్డుకు 2009లోనూ, ఆత్రేయపురం పూతరేకుకు 2023లోనూ లభించిన భౌగోళిక గుర్తింపు అటువంటిదే.

మూడవ కష్టం వారు చేజేతులా తెచ్చుకున్నది. 1970ల నాటికి షెర్రీ అమ్మకాలు యెన్నడూ లేనంతగా పెరిగాయి. ఇంగ్లండులో యేయింటి బీరువాలో చూసినా ఆ సీసాయే. పోటీలు పడి ధర తగ్గించారు, తీపి కలిపిన చవకరకాలు కుమ్మరించారు. కొత్తతరం వారు అది ముసలమ్మల పానీయమని మొగం తిప్పుకున్నారు. అమ్మకం పడిపోయింది, ఎన్నో తోటలు పెరికివేశారు. చవకగా అమ్మితే యేమవుతుందో ఆ సరిహద్దు ఊరు కూడా రుచి చూసింది.

అయినా అది పోలేదు. నేల మీది వరుస ఖాళీ చేయలేదు గనుక పోలేదు. సొంత ఊళ్ళో దానికి యెన్నడూ మర్యాద తగ్గలేదు. మే నెలలో జెరెజ్‌లో జరిగే గుర్రాల జాతరలో చిన్నా పెద్దా డేరాల్లో కూర్చొని దానిని పుచ్చుకుంటారు. 2000 నుంచి యిరవై యేళ్ళ, ముప్పై యేళ్ళ వయసు గల రకాలకు వేరు ముద్రలు వేసి, తక్కువగానే అయినా గౌరవంగా అమ్ముతున్నారు. స్కాచి విస్కీవారు తమ సరుకు ముదరబెట్టడానికి షెర్రీ నానిన పీపాలు వెతికి కొనుక్కుపోతారు. చెక్కకే అంత గిరాకీ!

చిన్న గ్లాసు

పెద్దాయన సీసా సంగతి చెప్పడం మరచాము. అది ఫినో. ఒక ఆదివారం మమ్మల్ని పిలిచి మూత తీశారు. తియ్యగా వుంటుందనుకున్నారు కాబోలు, ఒక గుక్క వేసి మొగం వికారంగా పెట్టారు. "ఓరి దీని అసాధ్యం కూలా! ఒక్క పిసరు తీపి లేదు. ఇందుకా ఆ దొర ఓడలు వేసుకువెళ్ళి దోచుకున్నాడు?" అన్నారు. మేము చెంచాడు రుచి చూశాము. పచ్చి బాదంపప్పు, ఉప్పుగాలి కలిసినట్లు తోచింది.

కాసేపాగి ఆయన యిలా అన్నారు: "మా నాన్న చెప్పేవారు. ఫ్రెంచి దొరలు భోజనానికి ముందు యింత చిన్న గ్లాసు పుచ్చుకొనేవారట. కుర్చీలో కూర్చొని, పక్కన యేదో నంజుకుంటూ. నిలబడి తాగిన దొరను ఆయన చూడలేదట."

జెరెజ్ వారి అలవాటూ అంతే. వేలెడు గ్లాసు. దాని పక్కన ఆలివుకాయలో, బాదంపప్పో, వేపుడు చేపో తప్పకుండా వుంటుంది. నలుగురూ కూర్చొని మాట్లాడుకుంటూ తాగుతారు. అక్కడ తాగి చెడ్డవారు లేరని మేము అనబోము. తాగుడు యెక్కడైనా తాగుడే. కాని ఆ సీసాకు ఓ వేళ, ఓ తోడు, ఓ పరిమితి వున్నాయి. మా ఊరి దుకాణాల ముందు నిలబడి, గుటుక్కున మింగి, ఆఖరి పంటు అందుకోవడానికి పరుగెత్తిన మనుషులకు ఆ మూడింటిలో ఒక్కటీ లేదు.

పుస్తెలమ్మి అయినా పులస తినమన్నారు మన గోదావరి పెద్దలు. అది సరసానికి అన్న మాట. పులస కోసం నిజంగా పుస్తెలమ్మిన యిల్లాలిని మేము చూడలేదు. సీసా కోసం అమ్మిన యిల్లు మాత్రం మా బంధువుల్లోనే వుంది.

మాకు పెదనాన్నగారి కొడుకు ఒకరు, మాకంటె పదేళ్ళు పెద్ద, ఆ నిషేధపు రోజుల్లోనే ఆ దుకాణాల రద్దీలో సరదాకు కలిశాడు. నిషేధం పోయింది, సరదా పోలేదు. ముందు వదిన గాజులు, తర్వాత పుస్తెలు తాకట్టు కొట్టుకు నడిచాయి. నలభై నిండకుండా అన్నయ్య పోయాడు. వదిన ఒక పాడిగేదెను పెట్టుకొని, పెరుగు అమ్మి, యిద్దరు పిల్లలను చదివించింది.

షెర్రీ పీపాల వైనం మొన్న ఆమెకు చెప్పాము. ఏమంటుందోనని కొంత భయంగానే వుండింది. ఆమె శ్రద్ధగా విని, "పాతికేళ్ళయింది బాబూ, తోడు ఒక్కరోజు కూడా అయిపోనివ్వలేదు. ఒంట్లో బాగులేక పడుకున్ననాడైనా పక్కింటివారికి యింత యిచ్చి వుంచమన్నాను," అన్నది. అని లేచి గేదె దగ్గరకు వెళ్ళింది.

మాకు కలిగిన ఆలోచన

మా గోదావరి తీరాన సొంత పానీయం లేకపోలేదు. తాటికల్లు వుంది. మోకు వేసుకొని యెక్కే గీతకార్మికుడు తెల్లవారకట్ల దించిన లొట్టిలో తియ్యగా వుంటుంది. మధ్యాహ్నానికి పులుస్తుంది, మర్నాటికి పనికిరాదు. దానిని పీపాల్లో పెట్టి పెంచడం కుదరదు. అదే తీపి నీటిని పులవకుండా కాచి బెల్లం చేస్తే నెలల తరబడి వుంటుంది. నిలవ వుండే గుణం మన చెట్లలోనూ లేకపోలేదు, దానికి ఓపిక కావాలి.

యానాం పేరు మీద లోకానికి యేమి వెళ్ళాలో చెప్పేటంతటి వారము మేము కాము. పులస వుంది, కొబ్బరి వుంది, తాటిబెల్లం వుంది. ఏది చేసినా పక్క జిల్లాకంటె చవక అనే పేరుతో కాకుండా, మా నేలది, మా చేతిది అనే పేరుతో చేస్తే బాగుంటుందని మాత్రం తోస్తుంది. చవకతనం చట్టంతో వచ్చి చట్టంతోనే పోతుంది. చేతిపని అలా పోదు, కాస్త మిగిల్చి తర్వాతివారికి అందించేవారుంటే చాలు.

పెద్దాయన సీసాలో మిగిలినది యింకా ఆయన బీరువాలోనే వుంది. ఎవరైనా వస్తే చీటీ మీది మూడు పేర్లూ చూపించి, "ఇదీ ఒక సరిహద్దు ఊరేనోయ్" అని చెబుతున్నారు. ఈసారి పెళ్ళిచూపులకు వచ్చిన పెద్దమనుషులు యెవరైనా మా ఊరి పేరు విని దీర్ఘం తీస్తే, వారిని మా వదిన యింటికి తీసుకువెళ్ళి గరిటెడు పెరుగు వేయించాలని మేము నిశ్చయించుకున్నాము.